రాష్ట్ర చిహ్నాన్ని చదవడం ఎలా: ఒక బోర్డు పెయింటర్ పద్ధతి

కోదాడలో బోర్డులు రాయడం నా వృత్తి. ఇటు తెలంగాణ కార్యాలయాలు, హద్దు దాటి జగ్గయ్యపేట వైపు వెళ్తే ఆంధ్రప్రదేశ్ కార్యాలయాలు. రెండు ప్రభుత్వాల చిహ్నాలూ నా కుంచె కింద నుంచి వచ్చినవే. ఫ్లెక్సీలు వచ్చాక చేతిపని బాగా తగ్గింది. అయితే చేత్తో గీసేవాడికి ఒక అలవాటు పడుతుంది: ఈ గీత ఇక్కడెందుకుంది, ఈ పూసల వరుస ఎవరు పెట్టమన్నారు అని అడుగుతూ ఉంటాడు. కంప్యూటర్‌లో బొమ్మను అతికించేవాడికి ఆ అవసరం రాదు. బడి ప్రాజెక్టుల కాలంలో పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు మా దుకాణానికి వస్తారు. "మన రాష్ట్ర చిహ్నానికి అర్థమేమిటండీ?" అని అడుగుతారు. వాళ్ళకు నేను చెప్పే పద్ధతే ఇది.

అర్థాల జోలికి ముందే వెళ్ళకండి. కలశమంటే సమృద్ధి, ఆకుపచ్చ అంటే పంటలు, సింహమంటే ధైర్యం: ఇలాంటి మాటలు ఏ బొమ్మకైనా అతుకుతాయి, అందుకే వాటితో తెలిసేది తక్కువ. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఈ వస్తువును ఎక్కడి నుంచి తెచ్చారు? ఎప్పుడు తెచ్చారు? పక్కన ఏది పెట్టారు, ఏది పెట్టలేదు? వీటికి జవాబు దొరికితే అర్థం దానంతట అదే వస్తుంది.

ముందు సింహాలు

ఏ రాష్ట్ర చిహ్నం చూసినా మొదట సింహాలు ఎక్కడున్నాయో వెతకండి. అది సారనాథ్‌లోని అశోక స్తంభ శీర్షం నుంచి తీసుకుని, 1950 జనవరి 26న దేశం స్వీకరించిన జాతీయ చిహ్నం. శిల్పంలో సింహాలు నాలుగు, ఒకదానికొకటి వీపు ఆనించి ఉంటాయి. కాగితం మీద మూడే కనిపిస్తాయి. వాటి కింది పట్టీ మధ్యలో ధర్మచక్రం, చూసేవారికి కుడివైపు ఎద్దు, ఎడమవైపు పరుగెత్తే గుర్రం, రెండు చివరలా మరో రెండు చక్రాల అంచులు. ఎద్దునూ గుర్రాన్నీ తారుమారు చేసిన బోర్డులు దారి పొడవునా కనిపిస్తాయి. చూసినప్పుడల్లా నాకు చేతులు దురద పెడతాయి.

అసలు శిల్పంలో సింహాల పట్టీ కింద గంట ఆకారంలో ఒక పద్మం ఉంది. జాతీయ చిహ్నంలోకి దాన్ని తీసుకోలేదు. దాని బదులు కింద దేవనాగరి లిపిలో 'సత్యమేవ జయతే' అని ఉంటుంది. అది ముండకోపనిషత్తు మాట. ఆ మాట లేకుండా సింహాలను మాత్రమే గీస్తే చిహ్నం పూర్తయినట్టు కాదు.

రాష్ట్రాలు ఈ సింహాలను వాడుకునే తీరు రెండు రకాలు. గుజరాత్‌లా జాతీయ చిహ్నాన్నే తమ చిహ్నంగా పెట్టుకోవడం ఒకటి. తమదైన బొమ్మలో సింహాలను కలుపుకోవడం రెండోది. 2007 నాటి నియమాల ప్రకారం ఈ రెండో పద్ధతికి కేంద్ర ప్రభుత్వం నుంచి ముందస్తు ఆమోదం కావాలి, నమూనా కూడా చూపించాలి. కాబట్టి సింహాలను ఎక్కడ కూర్చోబెట్టారన్నది ఆలోచించి చేసిన పనే. తెలంగాణ చిహ్నంలో అవి తోరణం పైన ఉన్నాయి. కర్ణాటక, కేరళ చిహ్నాల్లోనూ పైనే. తమిళనాడు చిహ్నంలో గోపురం ఆకాశానికి లేస్తుంటే సింహాలు దాని ముందు, కింద ఉంటాయి, అటూ ఇటూ జాతీయ జెండాలు. పైగా 'సత్యమేవ జయతే' స్థానంలో అదే మాట తమిళంలో రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో కూడా సింహాలది అడుగు భాగమే. పైన పెడితే అది కిరీటం స్థానం, కింద పెడితే పీఠం స్థానం. ఇది నేను చదువుకునే తీరు, ఏ ఉత్తర్వులోనూ ఇలా రాసి ఉండదు.

మధ్యలో ఉన్నది ఎక్కడిది

సింహాల తర్వాత చిహ్నం నడిబొడ్డుకు రండి. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో అక్కడున్నది పూర్ణఘటం. ఉమ్మడి రాష్ట్రం నాటి ముద్రలోనూ పూర్ణకుంభమే ఉండేది, పాత తరం వారికి గుర్తుండే ఉంటుంది. 2018 నవంబరులో వచ్చిన ప్రస్తుత రూపంలో ఘటం ధర్మచక్రం మధ్యలో చేరింది. చక్రం చుట్టూ త్రిరత్నాలు, ఆకులు, మణులు వరుసగా కూర్చి ఉంటాయి, పూసల వలయాలు ఉంటాయి. ఘటానికి దండ, కింద అంచెలంచెల పీఠం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ ఘటాన్ని సరిగ్గా చూడండి. పూర్ణకుంభం అనగానే మన మనసులో మెదిలేది గుడి దగ్గర స్వాగతం పలికే కలశం: నీళ్ళు, మామిడాకులు, పైన కొబ్బరికాయ. చిహ్నంలో ఉన్నది దాని పూర్వీకుడు. అమరావతి స్తూపం సున్నపురాతి ఫలకాల మీద ఘటం నోటి నుంచి తామరలు, మొగ్గలు, ఆకులు పైకి పొంగి వస్తుంటాయి. కొబ్బరికాయ జాడే ఉండదు. బౌద్ధ శిల్పులు చెక్కిన ఘటమది. చుట్టూ ఉన్న త్రిరత్నాలు బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడింటికి గుర్తు. రెండు వేల ఏళ్ళ కిందటి కృష్ణాతీరపు బౌద్ధాన్ని తెచ్చి 2018లో రాష్ట్ర ముద్ర చేశారంటే, ఆ రోజుల్లో రాజధానికి అమరావతి పేరు పెట్టిన సంగతిని కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ఊరి పేరు, ముద్రలోని బొమ్మ, రెండూ ఒకే చోటి నుంచి వచ్చాయి.

చక్రం గురించి మా జగ్గయ్యపేట వైపు వాళ్ళకు చెప్పేటప్పుడు నాకు కొంచెం గర్వం. అక్కడి బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన మాంధాత చక్రవర్తి ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే ఆకాశం నుంచి నాణేల వాన కురుస్తుంది. చుట్టూ అతని సప్తరత్నాలు, వాటిలో ఒకటి చక్రం. అంటే ఈ నేలమీద చక్రం ధర్మానికీ గుర్తే, రాజ్యాధికారానికీ గుర్తే. ప్రభుత్వ ముద్రలో చక్రాన్ని చూసినప్పుడు ఈ రెండో సంగతి మరవకండి.

తెలంగాణ చిహ్నం మరో రకం. 2014 జూన్ 2న రాష్ట్రంతోపాటే వచ్చిన దీన్ని రూపొందించినవారు చిత్రకారుడు ఏలె లక్ష్మణ్. వరంగల్ కోటలోని కాకతీయ కళాతోరణం, దాని లోపల చార్మినార్, తోరణం మీద సింహాలు, చుట్టూ ఆకుపచ్చ, బంగారు రంగుల వలయాలు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల్లో ప్రభుత్వం పేరు, కింద 'సత్యమేవ జయతే'.

తోరణం కాకతీయుల కాలానిది. చార్మినార్‌ను మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో కట్టించాడు. ఒకటి వరంగల్‌ది, ఇంకొకటి హైదరాబాద్‌ది. నిజానికి ఇవి రెండూ ఒక చోట ఉండవు, ఉండే అవకాశమూ లేదు. చిహ్నంలో మాత్రం ఒక ద్వారం లోపల ఇంకొక కట్టడం నిలబడింది. ఇలా అసలు కలవని రెండు వస్తువులను ఒకే చట్రంలో చూస్తే, చిహ్నం చెప్పదలచుకున్న మాట అక్కడే ఉందని పట్టుకోండి. రెండు ఊళ్ళు, రెండు మతాల పాలకులు, రెండు కాలాలు: ఇవన్నీ మావే అని కొత్త రాష్ట్రం చెప్పుకుంటోంది. వలయంలో తెలుగు పక్కన ఉర్దూ ఉండటం కూడా ఆ మాటకు కొనసాగింపే.

గీసేవాడిగా నాకు తోరణం మీద ఇంకో ఇష్టం ఉంది. వరంగల్ కోటలో అవి నాలుగు, స్వయంభూ శివాలయం చుట్టూ నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి. గుడి శిథిలమైంది, ద్వారాలు మిగిలాయి. అడ్డదూలాల మీద తామరమొగ్గలు, దండలు, చివరల్లో హంసలు. చిహ్నం చిన్నదిగా అచ్చయినప్పుడు ఆ హంసలు రెండు చుక్కలుగా మారిపోతాయి. వాటిని హంసలుగా గీసిన బోర్డు కనిపిస్తే, పెయింటర్ కోటకు వెళ్ళి చూసివచ్చాడని నాకు నమ్మకం కలుగుతుంది.

లేనిదాన్ని కూడా చదవాలి

ఉన్నదాని జాబితా అయ్యాక లేనిదాని జాబితా రాయండి. పిల్లలకు ఈ పని బాగా నచ్చుతుంది. ఆంధ్రప్రదేశ్ చిహ్నంలో రాయలసీమది అని వేలు పెట్టి చూపగలిగే వస్తువు ఏదీ లేదు. వరాహం, సూర్యచంద్రులు ఉన్న విజయనగర ముద్ర ఛాయలు లేవు, సముద్రం లేదు. తెలంగాణ చిహ్నంలో గోదావరి లేదు, అడవి లేదు, ఉద్యమం లేదు.

ఈ చివరి మాటే 2024లో పెద్ద గొడవకు దారితీసింది. కొత్త ప్రభుత్వం చిహ్నాన్ని మార్చాలనుకుంది. రాజరికపు గుర్తులు వద్దు, ఉద్యమం, అమరవీరుల త్యాగం కనిపించాలి అన్నది ప్రభుత్వం వాదన. తోరణం, చార్మినార్ తీసేస్తారన్న వార్త రాగానే నిరసనలు మొదలయ్యాయి, జూన్ 2న జరగాల్సిన ఆవిష్కరణ వాయిదా పడింది. ఎవరి వాదన సరైనదని నన్ను అడిగితే, నా ఓటు తోరణానికే. కానీ చిహ్నం చదవడం నేర్చుకునేవారికి ఆ రోజుల్లోని దినపత్రికలు మంచి పాఠం. పదేళ్ళపాటు ఎవరూ పట్టించుకోని బొమ్మలో ఏ భాగం ఎవరిదో అప్పుడు బయటపడింది.

జెండా దగ్గరకు వస్తే

"మన రాష్ట్రానికి జెండా ఏది?" అని కూడా అడుగుతారు. లేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అధికారిక జెండా లేదు. చిహ్నాన్ని తెల్లగుడ్డ మీద అచ్చువేసి ఎక్కడైనా ఎగరేస్తే అది గుడ్డ మీది చిహ్నమే తప్ప రాష్ట్ర పతాకం అయిపోదు. జమ్మూకశ్మీర్‌కు మాత్రం 2019 దాకా సొంత జెండా ఉండేది: ఎర్రటి నేల మీద తెల్లని నాగలి, పక్కన మూడు తెల్లని నిలువు గీతలు. గీతలు జమ్ము, కశ్మీర్, లద్దాఖ్ ప్రాంతాలకు. కర్ణాటకలో పసుపు, ఎరుపు జెండాను జనమే 1960ల నుంచి ఎగరేసుకుంటున్నారు. 2018 మార్చిలో అక్కడి ప్రభుత్వం రెండు రంగుల మధ్య తెలుపు చేర్చి, అందులో గండభేరుండాన్ని పెట్టి అధికారిక రూపం ప్రతిపాదించింది. మైసూరు రాజుల ముద్రలోని ఆ రెండు తలల పక్షి అంతకుముందే విజయనగరపు అచ్యుతరాయల నాణేల మీద ఉంది.

జెండాల విషయంలో కథలతో జాగ్రత్తగా ఉండాలి. దీనికి హైదరాబాదు ఆసఫ్‌జాహీల పతాకం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పసుపు గుడ్డ, మధ్యలో గుండ్రని బొమ్మ. దాని వెనక కథ ఇది: తర్వాత మొదటి నిజాం అయిన మీర్ కమరుద్దీన్ దక్కనుకు బయల్దేరే ముందు ఒక సూఫీ గురువు దర్శనానికి వెళ్ళాడు. ఆయన పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు, అంటే గుండ్రని రొట్టెలు, పెట్టాడు. ఆకలి మీదున్న కమరుద్దీన్ ఏడు తిన్నాడు. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడు. అందుకే జెండా పసుపు, అందుకే మధ్యలో కుల్చా.

కథ ఎంత బాగుందంటే కాదనడానికి మనసు రాదు. కానీ లెక్క చూడండి. ఆసఫ్‌జా బిరుదుతో లెక్కిస్తే మొదటి నిజాం నుంచి 1948 దాకా ఏలిన ఉస్మాన్ అలీఖాన్ వరకు ఏడుగురే. అయితే మొదటి నిజాం 1748లో చనిపోయాక నాసిర్ జంగ్, ముజఫర్ జంగ్, సలాబత్ జంగ్ వరసగా గద్దె మీద కూర్చున్నారు. వాళ్ళను పక్కన పెడితేనే ఏడు అవుతుంది. జోస్యం ముందు పుట్టిందా, లెక్క ముందు పుట్టిందా అని అడగాల్సిన చోటు ఇది. లెక్కే ముందని నా అనుమానం. ప్రాజెక్టులో ఈ కథ రాయవచ్చు, రాయాలి కూడా. 'జనం చెప్పుకునే కథ' అని పైన ఒక శీర్షిక పెట్టి రాయాలి, అంతే.

రంగుల అర్థాలదీ ఇదే తంతు. జాతీయ జెండానే తీసుకోండి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. ఒకటి హిందువులకు, ఒకటి ముస్లింలకు అన్నారు. మిగిలినవారి కోసం గాంధీజీ తెలుపు కలపమన్నారు, రాట్నం పెట్టించారు. 1931లో కాంగ్రెస్ ఎరుపు తీసి కాషాయం పెట్టి, రంగులకు మతాలతో సంబంధం లేదని తేల్చి చెప్పింది: కాషాయం ధైర్యత్యాగాలకు, తెలుపు సత్యశాంతులకు. 1947 జూలై 22న రాట్నం స్థానంలో ఇరవైనాలుగు ఆకుల చక్రం వచ్చింది. అప్పుడు రాధాకృష్ణన్ ఇచ్చిన వివరణలో కాషాయం వైరాగ్యం, ఆకుపచ్చ మన నేలతో, మొక్కలతో మనకున్న బంధం. ఇరవై ఆరేళ్ళలో మూడు వివరణలు. అందుకే ఎవరైనా "ఆకుపచ్చ అంటే పంటలు" అంటే, ఎవరు అన్నారు, ఏ ఏడాది అన్నారు అని అడగండి. సంవత్సరం చెప్పలేకపోతే ఆ అర్థం చెప్పేవారి సొంతం.

చేత్తో గీయాలంటే

చదవడం నిజంగా రావాలంటే ఒకసారి గీయాలి. డ్రాయింగ్ షీటు మీద పెన్సిలుతో నిలువుగా, అడ్డంగా రెండు గీతలు గీసి, అవి కలిసే చోట కాంపస్ ముల్లు పెట్టండి. గోడ మీదైతే మేకు, దారం, చాక్‌పీస్. వలయాలన్నీ బయటి నుంచి లోపలికి గీయండి. తర్వాత మధ్య బొమ్మ. తోరణాన్నీ ఘటాన్నీ సగమే గీసి, పల్చటి కాగితం మీదకు ఎత్తుకుని, తిప్పి రెండో సగం దించుకుంటే రెండు పక్కలూ సమంగా వస్తాయి. సింహాలకు మాత్రం ఈ కిటుకు పనికిరాదు, కింద ఎద్దూ గుర్రమూ ఉన్నాయిగా.

అక్షరాలు చివరికి. వంపులో తెలుగు రాయడం ఇంగ్లీషంత సులువు కాదు, ఎందుకంటే మనకు ఒత్తులున్నాయి. 'ప్రభుత్వం' అన్న ఒక్క మాటలోనే క్రారవడి ఒకటి, వ ఒత్తు ఒకటి. వలయం వెడల్పంతా అక్షరాలకే ఇచ్చేస్తే ఒత్తులు లోపలి గీతను తొక్కుతాయి. వెడల్పును మూడు భాగాలు చేసి, కింది భాగాన్ని ఒత్తులకు వదలండి, పై రెండింటిలో అక్షరం ఉంచండి. 'ఆంధ్రప్రదేశ్' రాసేటప్పుడూ అంతే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. చదవడం వచ్చిన వారి చేత రాయించుకోండి, చూసి గీస్తే చుక్కలు తప్పుతాయి.

రంగు వేసేటప్పుడు ఆకుపచ్చ బాగా ఆరాకే బంగారు రంగు పూయండి. తడి మీద పూస్తే రెండూ కలిసి బురద రంగు వస్తుంది.

గీసిన చిహ్నాన్ని నోటుపుస్తకంలో, ప్రాజెక్టు అట్ట మీద ఉంచుకోవచ్చు. బండి మీద, దుకాణం బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద మాత్రం వద్దు. జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని అడ్డుకునే 2005 చట్టం కింద రెండేళ్ళ వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మన రెండు రాష్ట్రాల చిహ్నాల్లోనూ సింహాలున్నాయి కాబట్టి ఈ చట్టం గుర్తుంచుకోవాలి. "అందరూ పెట్టుకుంటున్నారు కదా" అంటూ కార్ల వాళ్ళు నా దగ్గరకూ వస్తారు. నేను రాయను.

వీలైతే అసలు రాళ్ళను చూడండి. అమరావతి ఫలకాలు ముఖ్యంగా మూడు చోట్ల ఉన్నాయి: అమరావతిలోని మ్యూజియం, చెన్నై ఎగ్మూరు, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం. మొదటి రెండూ మనకు రైలు, బస్సు దూరమే. వరంగల్ కోటకు వెళ్తే తోరణాల్లో ఏదో ఒకదాని కింద నిలబడి ఫోటో తీసుకుని వచ్చేయకండి. నాలుగింటి దగ్గరకూ నడవండి, చేతిలో చిహ్నం ఉన్న కాగితం ఒకటి పెట్టుకోండి. కాగితంలో ఏ మొగ్గలు మాయమయ్యాయో, ఏ గీతలు సన్నబడ్డాయో పక్కనే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. హంసలు పై దూలం చివర్లలో ఉంటాయి, తల పూర్తిగా ఎత్తితే గానీ కనిపించవు.